కల్పిత యుద్ధంలో, కొండల్లో, చలికాలంలో విఫలమైన దాడిని నమ్మేలా రాయడం ఎలా

సొంతంగా ఒక ప్రపంచం కట్టుకుని అందులో యుద్ధం రాసేవాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చేసరికి ఒకే పని చేస్తారు. సైన్యాన్ని కనుమ ఎక్కిస్తారు, రాత్రికి రాత్రి మంచు తుఫాను దింపుతారు, సగం మందిని చంపేసి అధ్యాయం ముగించేస్తారు. చదివేవాళ్ళకి అది వాతావరణ వార్తలా ఉంటుంది. ఎవరో ఒక మనిషి ఏదో ఆలోచించి, ఏదో లెక్క వేసుకుని, కొన్ని వేలమందిని ఆ కొండ మీదికి పంపాడు అన్న బరువు అందులో ఉండదు. నేను కూడా మొదట్లో అలాగే రాశాను, తర్వాత నిజంగా జరిగిన చలికాలపు దాడుల గురించి చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, మంచు కురవకముందే, ఇంకా అందరూ వెచ్చని గదిలో మ్యాపు చుట్టూ నిలబడి ఉన్నప్పుడే ఆ దాడులు ఓడిపోయే దారి పట్టాయని. కాబట్టి ఈ పద్ధతిలో మంచు ఆఖరున వస్తుంది.

ముందు, దాడి ఎందుకు చేశారు?

తెలివైనవాడు ఎవడూ చలికాలంలో కొండల మీదికి దాడికి వెళ్ళడు అనిపిస్తుంది కదా, కానీ వెళ్ళారు, వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 డిసెంబరులో ఒట్టోమన్ (తుర్కీ) యుద్ధమంత్రి ఎన్వర్ పాషా కాకసస్ సరిహద్దులో రష్యన్ల చేతిలో ఉన్న సారికామిష్ అనే ఊరి మీద దాడి మొదలుపెట్టాడు. మ్యాపు మీద చూస్తే ఆ ప్లాన్ చాలా బాగుంటుంది. ఒక కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) ఎదురుగా రష్యన్లని పట్టి ఉంచుతుంది, మిగతా రెండు కోర్‌లు ఎడమవైపు నుంచి కొండల మీదుగా చుట్టు తిరిగి వచ్చి వాళ్ళ వెనకున్న సారికామిష్‌ని పట్టుకుంటాయి. అక్కడికి కార్స్ నుంచి రైలుమార్గం ఉంది, అది తెగితే రష్యన్ సైన్యం చిక్కుకుపోయినట్టే. ఆ ఆగస్టులోనే టానెన్‌బర్గ్ దగ్గర జర్మన్లు ఒక రష్యన్ సైన్యాన్ని ఇలాగే చుట్టుముట్టి తుడిచిపెట్టారు. ఎన్వర్‌కి అప్పుడు 33 ఏళ్ళు. అక్కడి సైన్యానికి అధిపతిగా ఉన్న హసన్ ఇజ్జెత్ పాషా ఈ చలిలో, ఈ ఏర్పాట్లతో వద్దన్నాడు, తర్వాత తప్పుకున్నాడు, ఎన్వర్ తనే నాయకత్వం తీసుకున్నాడు.

ఇంకో ఉదాహరణ చూడండి. 1915 జనవరి 23న ఆస్ట్రియా-హంగరీ సైన్యం కార్పేథియన్ పర్వతాల మీదుగా దాడి మొదలుపెట్టింది. కారణం ప్షెమిషిల్ కోట. లక్షకు పైగా వాళ్ళ సైనికులు అందులో రష్యన్ల ముట్టడిలో ఉన్నారు, తిండి తరిగిపోతోంది. అంటే తేదీని నిర్ణయించింది వాతావరణం కాదు, కోటలోని గోదాము. మొదటి ప్రయత్నం ఆగిపోయింది, ఫిబ్రవరి చివర్లో మళ్ళీ చేశారు, మార్చిలో మళ్ళీ చేశారు. మార్చి 22న కోట లొంగిపోయింది.

మీ కథలో కూడా ఇలాంటి కారణమే కావాలి. వసంతం దాకా ఆగలేకపోవడానికి ఒక గడియారం ఉండాలి: ముట్టడిలో ఉన్న పట్నం, కరుగుతున్న ఖజానా, వసంతంలో శత్రువుకి వచ్చి చేరబోయే మిత్రదేశపు సైన్యం, లేదా గద్దె మీద కొత్తగా కూర్చుని గెలుపు చూపించాల్సిన రాజు. దానితో పాటు వద్దన్న మనిషి ఒకడు ఉండాలి, కానీ అతన్ని జ్ఞానిలా చూపించకండి. వద్దన్నవాడికి కూడా పిరికివాడన్న పేరో, పాత తప్పు ఒకటో ఉంటే అతని మాట ఎందుకు పక్కన పెట్టారో పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. ప్లాన్‌ని వివరించే సీన్ చదివినప్పుడు పాఠకుడికి 'ఇది పని చేయొచ్చేమో' అనిపించాలి. అలా అనిపించకపోతే ఆ సీన్ మళ్ళీ రాయండి, తర్వాతి పేజీల్లో ఎంత మంచు పోసినా లాభం లేదు.

మ్యాపు గీసేటప్పుడు దూరం కాదు, గంటలు రాయండి

కొండల్లో కిలోమీటర్లకి అర్థం లేదు. నడిచేవాళ్ళు వాడే పాత లెక్క ఒకటి ఉంది, మంచి దారిలో గంటకి 5 కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలపాలి. ఇది మంచు లేనప్పుడు, ఒంటి మీద బరువు పెద్దగా లేనప్పుడు. మోకాలి లోతు మంచులో బరువు మోసుకుంటూ పోయే దళం గంటకి ఒక్క కిలోమీటరు నడిచినా గొప్పే, అది కూడా ముందు నడిచేవాళ్ళని తరచూ మారుస్తూ ఉంటేనే, ఎందుకంటే మొదటివాడు దారి తొక్కుతాడు, వెనకవాళ్ళు ఆ దారిలో నడుస్తారు. దానికి తోడు ఇలాంటి ఉత్తరాది కొండల్లో నడి చలికాలంలో పగలు తొమ్మిది గంటలకి అటూఇటూగానే ఉంటుంది, లోతైన లోయలో అయితే ఎండ ఇంకా తక్కువసేపు పడుతుంది.

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి కిలోమీటరుకి ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. బయలుదేరిన ఊళ్ళో సున్నా డిగ్రీలు ఉంటే 2,000 మీటర్లు పైనున్న కనుమలో మైనస్ 13. అక్కడ గాలి కూడా తోడవుతుంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 21లా తగులుతుంది. ఈ రెండు లెక్కలు మ్యాపు పక్కన రాసి పెట్టుకోండి, ప్రతి రాత్రి మీ సైన్యం ఎక్కడ పడుకుంటుందో అక్కడ ఎంత చలి ఉంటుందో మీకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి, కప్పు ఉన్న ఇళ్ళు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. సారికామిష్ దగ్గర ఆఖరి రోజుల్లో ఆ ఊరు కేవలం మ్యాపు మీద లక్ష్యం కాదు, అక్కడ ఇళ్ళు, బ్యారక్‌లు ఉన్నాయి, అవి రష్యన్ల చేతిలో ఉన్నాయి, దాడి చేసేవాళ్ళు పైన్ అడవిలో మంచులో ఉన్నారు. ఊరు దొరక్కపోతే ఇంకో రాత్రి బయటే. రాసేవాళ్ళకి ఇంత బలమైన విషయం దొరకడం అరుదు, దయచేసి వాడుకోండి: యుద్ధం మొదట రైలు కోసం, చివరికి పొయ్యి కోసం.

కంచర గాడిదల లెక్క

ఈ భాగం విసుగ్గా అనిపించొచ్చు, కానీ నా దృష్టిలో మొత్తం దాడి ఇక్కడే గెలుస్తుంది, ఇక్కడే ఓడుతుంది. కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయండి. మీ దాడిలో 12,000 మంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకి ఒక కిలో ఎండు ఆహారం, అర కిలో వంటచెరకో కిరోసినో. ఇంధనం ఎందుకంటే మంచు తిని దాహం తీర్చుకోలేం, కరిగించాలి, కొత్తగా పడ్డ మంచు పది లీటర్లు కరిగిస్తే సుమారు ఒక లీటరు నీళ్ళొస్తాయి. అంటే రోజుకి 18,000 కిలోలు. రోడ్డు లేదు కాబట్టి కంచర గాడిదలే గతి, ఒక్కోటి 80 కిలోలు మోస్తుందనుకోండి. రోజుకి 225 గాడిదల బరువు, ఇంతేనా అనిపిస్తుంది.

ఇప్పుడు స్థావరం నుంచి ముందు వరుస 40 కిలోమీటర్లు. మంచులో రోజుకి పది కిలోమీటర్లు, వెళ్ళడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు. ఎనిమిది రోజుల తిరుగుడు కాబట్టి 225 కాదు, 1,800 గాడిదలు కావాలి. ఆగండి, గాడిద కూడా తినాలి. మంచు కింద గడ్డి దొరకదు, దాణా, ఎండుగడ్డి కలిపి రోజుకి 5 కిలోలు, ఎనిమిది రోజులకి 40. మోసే 80లో సగం అది తనకోసమే మోసుకుంటోంది! మిగిలిన 40 కిలోలే సైనికులకి. కాబట్టి 3,600 గాడిదలు. ఇందులో ఒక్క తూటా లేదు, ఫిరంగి గుండు లేదు, కట్టు కట్టే గుడ్డ లేదు, జారిపడి కాలు విరిగిన గాడిద ఒక్కటి కూడా లేదు.

సైన్యం ఇంకో 40 కిలోమీటర్లు ముందుకి వెళ్ళిందనుకోండి. తిరుగుడు పదహారు రోజులు, గాడిద తిండి 80 కిలోలు, అంటే అది మోసుకెళ్ళేదంతా అదే తినేస్తుంది. దారి మధ్యలో గోదాములు పెట్టకపోతే గెలుస్తూ ముందుకి వెళ్ళే కొద్దీ ఆ సైన్యం ఆకలికి దగ్గరవుతుంది. మీ కథలో ఒక సరఫరా అధికారిని పెట్టండి, ఈ లెక్క అతని చేత వేయించండి, రాత్రి దీపం కింద కాగితం మీద ఆ గీత ఎక్కడ ఆగిపోతుందో అతనికి కనపడాలి, తెల్లారి ముందు వరుస నుంచి 'ఇంకో శిఖరం పట్టుకున్నాం' అని సంతోషంగా కబురు రావాలి. నాకు తెలిసి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినంత టెన్షన్ ఏ ఫిరంగి మోతా తీసుకురాదు.

ఈ లెక్క కుదరనప్పుడు నాయకులు సాధారణంగా ఒకే నిర్ణయానికి వస్తారు: బరువు తగ్గించండి, వేగంగా వెళ్ళండి, తిండి శత్రువు దగ్గర దొరుకుతుంది. సారికామిష్‌లో చుట్టు తిరిగి వెళ్ళే దళాల్లో వేగం కోసం మూటలు, కోట్లు వెనక వదిలి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆ ఆజ్ఞ రాసేటప్పుడు విలన్ గొంతుతో రాయకండి. రెండు రోజుల్లో ఊళ్ళో వెచ్చగా ఉంటాం అని నమ్మినవాడి గొంతుతో రాయండి.

చలిని దగ్గరనుంచి

'ఎముకలు కొరికే చలి' అని రాసి వదిలేస్తే అది ఎవరికీ తగలదు. చలి చేతివేళ్ళలో ఉంటుంది, అక్కడ చూపించండి. ఉదాహరణకి ఇలా:

తూటా పెట్టాలంటే చేతి తొడుగు తీయాలి. తొడుగు పళ్ళతో పట్టుకుని లాగాడు. బొటనవేలు, చూపుడువేలు కలిశాయని కంటికి కనపడుతోంది కానీ వేళ్ళకి తెలియడం లేదు. తూటా జారి మంచులో పడింది, పడ్డచోట చిన్న బొక్క. దాన్ని తీయడానికి వంగలేదు. ఇంకోటి తీశాడు, అదీ పడింది. పక్కన చూస్తే మొదటి బొక్క పక్కన ఇంకో బొక్క. ఇంకా రెండు ఉన్నాయి అనుకున్నాడు.

ఇందులో తుఫాను లేదు, కేకలు లేవు. మనిషి ఒక్క తూటా కూడా కాల్చలేకపోవడం ఉంది. ఇలాంటివి నిజంగా జరిగేవే కాబట్టి ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకుని రాయండి. చలిలో అన్నిటికన్నా ప్రమాదం చెమట. ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడెక్కి లోపలి బట్టలు తడుస్తాయి, కనుమ పైన ఆగగానే ఆ తడి మనిషిని లోపలినుంచి గడ్డకట్టిస్తుంది, అందుకే అనుభవం ఉన్నవాళ్ళు నడిచేటప్పుడు కోటు విప్పి ఆగినప్పుడు తొడుక్కుంటారు, కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. మంచుకాటు తగిలిన పాదం మొదట మంట పెడుతుంది, తర్వాత నొప్పి పోతుంది, నొప్పి పోయిందని ఊపిరి పీల్చుకున్నవాడే కాలు పోగొట్టుకుంటాడు. ఒళ్ళు బాగా చల్లబడితే వణుకు ఆగిపోతుంది, మాట తడబడుతుంది, తికమక పెరుగుతుంది, చివర్లో కొందరు ఒళ్ళు కాలిపోతోందన్నట్టు బట్టలు విప్పేస్తారు. ఈ తికమక అధికారులకీ వస్తుంది, తప్పు ఆజ్ఞలకి ఇంతకన్నా మంచి కారణం మీకు దొరకదు.

వస్తువులు కూడా మొండికేస్తాయి. తుపాకీలో నూనె చిక్కబడి బోల్టు కదలదు. రాత్రి దాన్ని వెచ్చని గుడారంలోకి తెస్తే ఇనుము మీద తేమ పట్టి, పొద్దున బయటికి తీయగానే అది గడ్డకడుతుంది. కార్పేథియన్లలో సైనికులు కాల్చేముందు తుపాకులని మంట మీద వెచ్చబెట్టుకున్నారు. 1950 నవంబరు, డిసెంబరుల్లో కొరియాలో చోసిన్ జలాశయం దగ్గర అమెరికా వైద్య సిబ్బంది నొప్పి తగ్గించే మార్ఫిన్ గొట్టాలు గడ్డకట్టకుండా నోట్లో పెట్టుకుని తిరిగారు, రక్తం బదులు ఎక్కించే ప్లాస్మా సీసాల్లోనే గడ్డకట్టింది. అదే యుద్ధంలో ఎదుటివైపు చైనా సైనికులు చాలామంది గుడ్డ బూట్లతో, పల్చటి దూది కోట్లతో పోరాడారు. మీరు రాసే కాలానికి మార్ఫిన్ లేకపోతే సిరా గడ్డకడుతుంది, అప్పుడు ఆజ్ఞలు పెన్సిల్‌తో రాయాలి. లోతైన మెత్తని మంచులో పడ్డ గుండు పేలుడు చాలావరకు ఆ మంచులోనే అణిగిపోతుంది, ఫిరంగుల మీద ఆశ పెట్టుకున్న సేనాపతికి ఇది పెద్ద దెబ్బ. మోయాల్సిన గాయపడ్డవాడు ఒక్కడుంటే కనీసం నలుగురు మోసేవాళ్ళు కావాలి, నిటారు కొండల్లో ఇంకా ఎక్కువ. వంద మంది గాయపడితే వరుస నుంచి ఐదొందల మంది పోయినట్టే అని లెక్కేసుకోండి.

ఎక్కడ విరగాలి

ఒకే పెద్ద దెబ్బ కన్నా చిన్న ఆలస్యాలు మూడు నాలుగు పెట్టడం మేలు, ఒక్కోటి విడిగా చూస్తే సర్దుకోవచ్చు అనిపించేవి. సారికామిష్‌లో ఒక కోర్ అధిపతి హఫీజ్ హక్కీ ఓల్తు అనే ఊరి దగ్గర గెలిచి, అనుకున్న దారి వదిలి పారిపోతున్న రష్యన్ల వెంటపడ్డాడు. గెలుపే అతన్ని దారి తప్పించింది. మళ్ళీ దారిలోకి రావడానికి అల్లాహుఎక్బర్ పర్వతాల మీదుగా వెళ్ళాల్సి వచ్చింది, ఆ ఒక్క దాటుడులో వేలమంది చలికి రాలిపోయారు. దానికి ముందు పొగమంచులో ఒట్టోమన్ డివిజన్లు రెండు ఒకదాన్నొకటి శత్రువనుకుని గంటల తరబడి కాల్చుకున్నాయి. రెండో దళం రావడం ఆలస్యమయ్యే కొద్దీ ఊళ్ళో రష్యన్లు పెరుగుతూ పోయారు.

అటువైపు ఏం జరుగుతోందో మర్చిపోకండి, చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. రష్యన్ల వైపు సైన్యాన్ని నడుపుతున్న జనరల్ మిష్లయెవ్‌స్కీ చిక్కుకుపోయాం అనుకుని వెనక్కి తగ్గమని ఆజ్ఞ ఇచ్చి వెనకున్న తిఫ్లిస్ (ఇప్పటి త్బిలిసి) నగరానికి వెళ్ళిపోయాడు, ఇంకో జనరల్ యుదెనిచ్ మాత్రం నిలబడదామన్నాడు. ఆ దాడి గెలుపుకి అంత దగ్గరగా వెళ్ళింది. మీ శత్రువు కూడా భయపడాలి, బండ్లు సర్దుకోవాలి, పారిపోవడానికి ఒక్క పూట దూరంలో ఉండాలి. ఆ సంగతి పాఠకుడికి తెలిసి, మంచులో ఉన్నవాళ్ళకి తెలియకపోతే ఓటమి గుండెలో దిగుతుంది.

కబుర్లు ఎంత సేపట్లో చేరతాయో ముందే నిర్ణయించుకోండి. కనుమకి అటువైపున్న దళం నుంచి వార్త తేవడానికి మనిషికి పన్నెండు గంటలు పడితే, సేనాపతి ఎప్పుడూ నిన్నటి యుద్ధాన్నే నడుపుతుంటాడు. నిన్న ఆ దళంలో మూడు వేలమంది ఉన్నారు, ఇవాళ ఆజ్ఞ చేరేసరికి తొమ్మిది వందలు. ఆజ్ఞలో మాత్రం 'పూర్తి బలంతో కొట్టండి' అని ఉంటుంది, ఆ కాగితం చదివే కల్నల్ ముఖం మీరు రాయండి.

మంచు చరియలు వాడాలనిపిస్తే ఒకసారి మాత్రమే వాడండి, సరైన చోట వాడండి. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, పెద్ద మంచు పడ్డ ఒకటి రెండు రోజుల్లో, లేదా హఠాత్తుగా వేడెక్కినప్పుడు విరిగిపడతాయి, ఎక్కడపడితే అక్కడ పడవు. 1916 డిసెంబరు 13న ఆల్ప్స్‌లోని మార్మొలాడా మీద ఆస్ట్రియా సైనికుల బ్యారక్‌ల మీద చరియ పడి సుమారు 270 మంది పోయారు. శత్రువు గుళ్ళ నుంచి కాపాడుతుందని ఆ చోటు ఎంచుకున్నారు. అక్కడి కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిడ్ ఇక్కడ ప్రమాదం, చోటు మార్చండి అని ముందే పైకి రాశాడు, పైవాళ్ళు ఒప్పుకోలేదు. మీ కథలో అలాంటి ఉత్తరం ఒకటి ఉంటే చరియ పడే సీన్‌ని రెండు లైన్లలో ముగించినా సరిపోతుంది.

వెనక్కి వచ్చేటప్పుడు

తిరోగమనానికి దాడి కన్నా ఎక్కువ పేజీలు ఇవ్వండి. వెళ్ళేటప్పుడు తిండి ఉంది, ఆశ ఉంది, దారి కొత్తది. వచ్చేటప్పుడు అదే దారిలో తాము వదిలేసిన సామాను, కూలబడిన గాడిదలు, కూర్చున్నచోటే ఉండిపోయిన మనుషులు కనపడతారు. 'కాసేపు కూర్చుంటా' అన్న మాటని పాఠకుడికి భయం పుట్టేలా చేయొచ్చు, అందుకు ముందు ఒకసారి ఆ మాట అన్నవాడు లేవకపోవడం చూపిస్తే చాలు. తర్వాత ఎవరైనా కూర్చుంటా అంటే తోటివాళ్ళు కొట్టి అయినా లేపుతారు, అది ప్రేమే అని మీరు చెప్పనక్కర్లేదు.

చలి తర్వాత జబ్బు వస్తుంది. ఒకచోట గుమికూడిన, పేలు పట్టిన, ఆకలితో ఉన్న సైన్యంలో పేల ద్వారా సోకే టైఫస్ జ్వరం పాకుతుంది, హఫీజ్ హక్కీ కొండల నుంచి ప్రాణాలతో బయటపడి 1915 ఫిబ్రవరిలో టైఫస్‌తోనే పోయాడు. ఎన్వర్ ఇస్తాంబుల్ తిరిగి వెళ్ళాడు, ఏం జరిగిందో పత్రికల్లో రాకుండా చూశారు. చనిపోయినవాళ్ళ సంఖ్య మీద ఇప్పటికీ చరిత్రకారులు ఒక మాట మీద లేరు. మీ కల్పిత యుద్ధంలో కూడా సంఖ్య ఒకటే ఉండనవసరం లేదు: ప్రభుత్వం చెప్పేది ఒకటి, శత్రువు చెప్పేది ఒకటి, సరఫరా అధికారి దగ్గర తిండి కోసం రాసుకున్న లెక్క ఇంకోటి. బయలుదేరిన రోజు ఎన్ని రొట్టెలు పంచాడో, తిరిగొచ్చిన రోజు ఎన్ని పంచాడో అతని పుస్తకంలో ఉంటుంది.

ఆఖరి సీన్ కోసం వసంతం దాకా ఆగండి. మంచు పై పొరలు ముందు కరుగుతాయి కాబట్టి చివర పోయినవాళ్ళు ముందు బయటపడతారు, మొదటి రోజు పోయినవాళ్ళు అందరికన్నా ఆలస్యంగా, వదిలేసిన మూటలూ కోట్లూ వాళ్ళతో పాటే. కింది ఊరి గొర్రెల కాపరి ఒకడు ఏప్రిల్‌లో కనుమ ఎక్కుతూ ఉండగా మంచులోంచి మొదట ఒక తుపాకీ మొన, ఆ పక్కన వరుసగా కొన్ని తూటాలు, ఇంకా పేలనివి.